కృత్రిమ కాలుతో సెక్యూరిటీ చెక్: అడగాల్సింది మినహాయింపు కాదు, పద్ధతి

నాకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. కృత్రిమ కాలు పెట్టుకుని నడుస్తాను. ఉద్యోగం పని మీద తరచూ విమానం ఎక్కుతాను, ఎక్కిన ప్రతిసారీ మెటల్ డిటెక్టర్ మోగుతుంది. మోగాలి కూడా. మన విమానాశ్రయాల కాపలా కేంద్ర భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ చేతికి రావడం మొదలైందే 1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసిన ఘటన తర్వాత. అక్కడ నిలబడ్డ జవాను భుజాల మీద ఎంత బాధ్యత ఉంటుందో నాకు తెలుసు. అందుకే నన్ను తనిఖీ చేయకుండా వదిలేయమని ఎప్పుడూ అడగను. ఎక్కడ చేస్తారు, ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అన్నది మాత్రం గట్టిగా అడుగుతాను. మీరు గానీ మీ ఇంట్లో వాళ్లు గానీ వైకల్యంతో ప్రయాణం చేస్తుంటే, ఆ అడగడం ఎలాగో చెప్తాను.

టికెట్ కొన్న రోజే పని మొదలుపెట్టండి. వీల్‌చెయిర్ గానీ మరో సాయం గానీ కావాలంటే కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఫోన్‌లో చెప్పినా సరే, ఈమెయిల్ కూడా పంపండి. రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి కాగితం ఉండాలి. సొంత బ్యాటరీ వీల్‌చెయిర్ ఉంటే బ్యాటరీ ఏ రకం, ఎన్ని వాట్-అవర్లు అన్నది దాని మీదున్న లేబుల్ చూసి రాయండి. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు), డాక్టర్ చీటీ పై జేబులో పెట్టుకోండి.

ఇక సెక్యూరిటీ గేటు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. యంత్రం మోగాక చెప్పడం వేరు, మోగకముందే చెప్పడం వేరు. మోగాక చెప్తే మీది సంజాయిషీ అవుతుంది. ముందే చెప్తే సమాచారం అవుతుంది. వరుసలో మీ వంతు రాగానే, డిటెక్టర్ చట్రంలోకి అడుగు పెట్టకముందే చెప్పేయండి. ఎదుటివాళ్లకు తెలుగు రాకపోవచ్చు కాబట్టి నేను హిందీలో రెండు ముక్కలు సిద్ధంగా పెట్టుకుంటాను: "మేరా ఏక్ పైర్ ఆర్టిఫిషియల్ హై, మశీన్ బజేగీ. చెకింగ్ అలగ్ కమరే మే కీజియే." అంటే, నా ఒక కాలు కృత్రిమం, యంత్రం మోగుతుంది, తనిఖీ విడి గదిలో చేయండి అని. గొంతు మామూలుగా ఉండాలి. బతిమాలాల్సిన పనీ లేదు, దబాయించాల్సిన పనీ లేదు.

విడి గదిలోకి వెళ్లాక మహిళలను మహిళా సిబ్బందే తనిఖీ చేయాలి. తోడుగా వచ్చినవాళ్లను లోపల ఉండనివ్వమని అడగండి. కూర్చోవడానికి కుర్చీ అడగండి. ఆ తర్వాత ఈటీడీ పరీక్ష, అంటే పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరీక్ష, చేయమనండి. చిన్న స్వాబ్‌తో కృత్రిమ అవయవాన్ని తుడిచి యంత్రంలో పెడతారు. ఆనవాళ్లు ఉంటే అది పట్టేస్తుంది, కాలు ఊడదీయాల్సిన అవసరం సాధారణంగా రాదు. ఒక జాగ్రత్త: ప్రయాణం రోజు చేతులకు, సాకెట్‌కు (మన కాలు దూరే గిన్నె లాంటి భాగం) గ్లిజరిన్ ఉన్న క్రీములు రాయకండి. వాటి వల్ల ఆ యంత్రం ఒక్కోసారి తప్పుగా మోగుతుంది, అనవసరపు టెన్షన్.

"తీసి ఎక్స్‌రేలో పెట్టండి" అంటే? ఒకసారి ఒక విమానాశ్రయంలో నన్ను అందరి ముందే సల్వార్ పైకి మడవమన్నారు. నేను మడవలేదు. "గదిలో చూపిస్తాను, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ను పిలవండి" అన్నాను. ఇన్‌చార్జ్ వచ్చారు, గదిలో స్వాబ్ తీశారు, పంపించారు. సిబ్బందికి చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, మా కాలు చెప్పు విడిచినట్టు విడిచేది కాదు. లోపల లైనర్ అనే మెత్తటి తొడుగు చర్మానికి బిగుసుకుని ఉంటుంది. తీసి మళ్లీ సరిగ్గా తొడగకపోతే రోజంతా ఒరుసుకుని పుండు పడుతుంది. ఈ మాట వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. విన్నవాళ్లలో ఎక్కువమంది అర్థం చేసుకుంటారు.

మీ వెనక చట్టం ఉంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే వైకల్యం) ఉన్న జీజా ఘోష్‌ను 2012లో కోల్‌కతాలో విమానం నుంచి దించేశారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016లో కోర్టు ఎయిర్‌లైన్ ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అదే వ్యవహారంలో 2021 డిసెంబరులో, గౌరవం దృష్ట్యా ప్రయాణికుల చేత కృత్రిమ అవయవాలు తీయించకూడదని, ఒప్పుకోకుండా మనిషిని ఎత్తుకోవడం అమానుషమని కోర్టు అంది. దానికి కొద్ది వారాల ముందే నటి సుధా చంద్రన్ ప్రతిసారీ తన కృత్రిమ కాలు తీయిస్తున్నారని వీడియోలో గోడు చెప్పుకుంటే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఇవి గుర్తుంచుకోండి, కానీ గేటు దగ్గర మొదటి మాటగా చట్టం ఎత్తకండి. మొదటి మాట శరీరం గురించి, రెండో మాట ఇన్‌చార్జ్ గురించి. చట్టం మూడోది.

కాలు సంగతి నా అనుభవం కాబట్టి ఎక్కువ చెప్పాను. మిగతావీ ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కార్డు చూపించి, చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆపి ఉంచొద్దని, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఇన్సులిన్ పంపు ఉంటే ఎక్స్‌రేలో పెట్టకండి. ఇన్సులిన్ సీసాలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టవచ్చు. చూపు లేనివాళ్లు తెల్లకర్ర ఎక్స్‌రేలోకి వెళ్లేముందే "అటు చివర ఎవరు చేతికిస్తారు?" అని అడగాలి. ముట్టుకునే ముందు చెప్పమనాలి. వినపడనివాళ్లు "నేను వినలేను, నా ఎదురుగా నిలబడి సైగ చేయండి" అని పెద్ద అక్షరాలతో రాసిన కార్డు పెట్టుకుంటే చాలు. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ వరుస, ఆ చప్పుడు, తెలియని చేయి ఒంటి మీద పడటం చాలా కష్టం. రద్దీ లేని వరుస అడగండి, ముందు మిమ్మల్ని తనిఖీ చేసి చూపించమనండి. కనిపించని వైకల్యానికి గుర్తుగా సన్‌ఫ్లవర్ లాన్యార్డ్ (మెడలో వేసుకునే పొద్దుతిరుగుడు పువ్వుల పట్టీ) కొన్ని విమానాశ్రయాల్లో ఇస్తున్నారు. ఇన్ఫర్మేషన్ కౌంటర్‌లో కనుక్కోండి.

అన్నీ చేసినా అవమానం జరిగితే అక్కడ వీడియో తీయకండి. సెక్యూరిటీ ప్రాంతంలో చిత్రీకరణ నిషేధం, తీస్తే తప్పు మీ మీదికి తిరుగుతుంది. సమయం, గేటు నంబరు, యూనిఫాం మీది పేరు రాసుకోండి. సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా కోరండి, ఎందుకంటే అవి ఎక్కువ రోజులు ఉండవు. విమాన ప్రయాణికుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. సీఐఎస్‌ఎఫ్ కేంద్ర సంస్థ కాబట్టి, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వెళ్లాల్సింది రాష్ట్ర కమిషనర్ దగ్గరికి కాదు, ఢిల్లీలోని వికలాంగుల చీఫ్ కమిషనర్ దగ్గరికి. కావాలని నలుగురిలో అవమానించారని మీరు నిజంగా నమ్మితే ఆ చట్టంలో 92వ సెక్షన్ ఉంది. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా. తెలియక చేసిన తప్పుకు దాన్ని వాడకండి.

ఫిర్యాదులో జరిగింది జరిగినట్టు ఒక పేజీలో రాయండి. బోర్డింగ్ పాస్, యూడీఐడీ కార్డు నకళ్లు జతచేయండి. చివర్లో మీకేం కావాలో విడిగా రాయండి. "న్యాయం చేయండి" అని వదిలేస్తే జవాబు కూడా అలాగే గాల్లో ఉంటుంది. "ఆ గేటు దగ్గరి తనిఖీ గదిలో కుర్చీ, పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. కృత్రిమ అవయవాల తనిఖీపై సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఇచ్చిన తేదీ నాకు తెలపండి" అని రాస్తే, ఎవరో ఒకరు కూర్చుని దానికి బదులివ్వక తప్పదు.