ఆమ్‌స్టర్‌డామ్ కాఫీషాపులకు వెళ్ళాలనుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీషాపు అనే పలక కనిపించిన చోట అమ్మేది గంజాయి, చరస్. కాఫీ తాగి కాసేపు కూర్చోవాలనుకునే కుటుంబాలు కఫే అని రాసి ఉన్న చోటికి వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా కాఫీషాపులోకి రానివ్వరు కనుక, పిల్లలతో వెళ్ళేవారు ఈ తేడా ముందే తెలుసుకుంటే గుమ్మం దగ్గర ఇబ్బంది పడనవసరం లేదు.

ఇక తెలిసే వెళ్ళాలనుకునే పెద్దలు ముందుగా గ్రహించవలసినది, నెదర్లాండ్స్‌లో గంజాయి చట్టబద్ధం కాదన్న సంగతి. 1976లో అక్కడి నల్లమందు చట్టాన్ని సవరించినప్పుడు గంజాయిని హెరాయిన్ వంటి ప్రమాదకరమైన మత్తుమందుల నుంచి విడదీశారు. కొన్ని షరతులు పాటించే దుకాణాలపై కేసులు పెట్టకుండా ఊరుకునే పద్ధతి ఆ తరువాత స్థిరపడింది. దుకాణం తన గురించి ప్రకటనలు ఇవ్వకూడదు, ఇతర మత్తుమందులు ఉంచకూడదు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించకూడదు, ఒక మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి అమ్మకూడదు, తన దగ్గర 500 గ్రాములకు మించి నిల్వ పెట్టకూడదు. ఈ మినహాయింపు కూడా దేశమంతటా ఒకేలా లేదు. బెల్జియం సరిహద్దున ఉన్న మాస్‌ట్రిక్ట్ నగరంలో నెదర్లాండ్స్ నివాసులకు తప్ప ఇతరులకు కాఫీషాపుల్లో ప్రవేశం లేదు.

దుకాణాన్ని ఎంచుకునేటప్పుడు అద్దం మీద ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో ఉండే నగరపాలక సంస్థ అనుమతి ముద్రను ముందుగా చూడాలి. గుమ్మం దగ్గర పాస్‌పోర్టు అడిగితే విసుక్కోవద్దు. అడిగే దుకాణమే నియమాలు పాటిస్తున్న దుకాణం. స్టేషన్ నుంచి డామ్ కూడలి దాకా ఉన్న ప్రాంతంలో పర్యాటకుల రద్దీ ఎక్కువ కావడంతో, కౌంటర్ దగ్గరి ఉద్యోగికి కొత్తవారి ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఉండదు. యోర్డాన్ లేదా డె పైప్ వంటి పేటల్లోని చిన్న దుకాణానికి పగటిపూట వెళ్ళి, ఇదే మొదటిసారి అని దాపరికం లేకుండా చెప్పి, అన్నింటిలోకీ తేలికైనది ఏదో అడగడం నా దృష్టిలో వివేకం. పేరున్న దుకాణం కోసం ఊరంతా వెతకడం అనవసరం. చాలాచోట్ల నగదు మాత్రమే తీసుకుంటారు. మద్యం దొరకదు, బయట తాగి లోపలికి వెళ్ళడం అంతకన్నా తప్పు, ఎందుకంటే ఆ రెండు మత్తులూ కలిసినప్పుడే తలతిరుగుడు, వాంతులు ఎక్కువగా వస్తాయి. ముందే చుట్టి అమ్మే జాయింట్లలో, అంటే గంజాయి సిగరెట్లలో, తరచుగా పొగాకు కలిపి ఉంటుంది కనుక, పొగాకు అలవాటు లేనివారు అడిగి తెలుసుకున్నాకే కొనాలి.

అనుమతి ఉన్న దుకాణం కాబట్టి సరుకు కూడా పరీక్షించినదే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకమే అసలు ప్రమాదం. ముందు తలుపు నుంచి అమ్మకాన్ని సహించే ప్రభుత్వం, వెనుక తలుపు నుంచి వచ్చే సరుకును ఇప్పటికీ నేరంగానే చూస్తుంది. లైసెన్సు పొందిన పెంపకందారుల నుంచి దుకాణాలకు సరఫరా చేసే ప్రయోగం 2023 డిసెంబరులో బ్రెడా, టిల్‌బర్గ్ పట్టణాల్లో మొదలై పది పురపాలికలకు విస్తరించింది గాని, ఆమ్‌స్టర్‌డామ్ అందులో లేదు. అందువల్ల అక్కడ జాబితాలో కనిపించే పేర్లు, గుణాలు దుకాణదారు మాటే తప్ప ప్రయోగశాల హామీ కావు. అక్కడే పండించే గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ సగటున 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. హోలీ నాడు ఎప్పుడో భంగు తాగిన అనుభవాన్ని దీనికి కొలమానంగా పెట్టుకోకూడదు.

కొత్తవారు ఎక్కువగా బోల్తా పడేది పొగతో కాదు, గంజాయి కలిపిన కేకుతో. పొగ ప్రభావం నిమిషాల్లో తెలుస్తుంది కనుక మనిషి తనంతట తానే ఆగుతాడు. స్పేస్ కేక్ పేరుతో అమ్మే తినుబండారం ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పట్టవచ్చు. ఏమీ కాలేదనుకుని రెండో ముక్క తిన్నవారికి, రెండింటి ప్రభావం ఒకేసారి మీదపడి, గుండె దడ, భయం, కాలస్పృహ లేకపోవడం గంటల తరబడి వేధిస్తాయి. పొగ మానేసినవారికి కేకు సురక్షితం అనే వాదన నాకు ఒప్పుదల కాదు. తినక తప్పదనుకునేవారు ముక్కలో చిన్న భాగంతో ఆగి, ఆ పూటకు మరేమీ తీసుకోకుండా, మత్తు తీసుకోని ఒక తోడును పక్కన ఉంచుకోవాలి. మందగించిన తలతో ఆ నగరంలో నడవడమే కష్టం; సైకిళ్ళు ఎటునుంచి వస్తాయో తెలియదు, ట్రాములు చప్పుడు లేకుండా వస్తాయి, చాలా కాలువల గట్లకు కంచె ఉండదు. వాహనం నడపడం మాట తలపెట్టనే కూడదు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, తమకు గాని రక్తసంబంధీకులకు గాని తీవ్రమైన మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవారు దూరంగా ఉండాలి.

వీధిలో దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అమ్మజూపేవారితో మాట కలపవద్దు. 2014లో వీధిలో కొకైన్ అని నమ్మి తెల్ల హెరాయిన్ పీల్చిన పర్యాటకులు మరణించగా, నగరపాలకులు కూడళ్ళలో హెచ్చరిక బోర్డులు పెట్టవలసి వచ్చింది. వాడినంత మాత్రాన అరెస్టు చేయబోమని, ఆరోగ్యం చెడితే వెంటనే సాయం కోరమని ఆ బోర్డుల మీదే రాశారు. కాబట్టి ఒంట్లో తేడా కనిపిస్తే పరువుకు జంకకుండా 112కు ఫోన్ చేయాలి. కొన్నది వీధిలో కాల్చడం కూడా అన్నిచోట్లా కుదరదు. పాత నగరంలోని రెడ్‌లైట్ ప్రాంతంలో 2023 మే నుంచి నిషేధం ఉంది, జరిమానా 100 యూరోలు.

మన పాస్‌పోర్టు ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని దాని మొదటి సెక్షనే చెబుతోంది. గంజాయి వినియోగానికి ఆ చట్టంలో 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. సింగపూర్‌లో శాశ్వత నివాసం పొందిన తెలుగువారు విదేశంలో వాడినా అక్కడ నేరమే. జర్మనీలో చదువుకుంటూ వారాంతానికి రైలులో వచ్చే విద్యార్థులు, 2024 ఏప్రిల్ నుంచి తమ దగ్గర 25 గ్రాముల దాకా ఉంచుకోవచ్చు కదా అన్న ధీమాతో మిగిలినది సరిహద్దు దాటించకూడదు, అది దిగుమతి నేరం అవుతుంది. విమానం ఎక్కేవారు ముందురోజు రాత్రే జేబులు, కోటు మడతలు, సంచి అరలు ఖాళీ చేసి చూసుకోవాలి. గల్ఫ్ విమానాశ్రయాల మీదుగా తిరిగి వచ్చేవారైతే మిగిలిపోయిన గంజాయి బిస్కెట్టు ముక్కను సైతం గదిలోనే పారవేసి బయలుదేరాలి.