ఫోన్‌లో లైసెన్స్ పెట్టుకుని బండి తీసే ముందు

డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ అసలు కార్డుతో సమానమని కేంద్రం 2018లోనే చెప్పింది. గ్యాలరీలో దాచుకున్న ఫొటోకి మాత్రం ఆ విలువ లేదు. కాబట్టి ముందు యాప్‌లోకే తెచ్చుకోండి.

• యాప్‌ను ప్లే స్టోర్, యాప్ స్టోర్ నుంచే దించుకోండి. "మీ బండికి చలానా పడింది" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ పెట్టే ఫైల్) జోలికి అస్సలు పోవద్దు. ఎంపరివాహన్ పేరుతో తిరిగే ఆ నకిలీ యాప్ మీ ఎస్సెమ్మెస్‌లు చదివేస్తుంది, అందులో బ్యాంకు ఓటీపీలూ ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే.

• తనిఖీలో ఫోన్ చేతికివ్వకండి, తెర చూపించండి. ఇవ్వక తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ పెట్టి ఇవ్వండి. అప్పుడు లైసెన్స్ యాప్ దాటి ఫొటోల్లోకో, చాట్‌లలోకో వెళ్లలేరు. పిన్నింగ్ తీసేయాలంటే లాక్ కోడ్ అడిగేలా ఉండే ఆప్షన్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే ప్రయోజనం లేదు. రోడ్డు మీద టెన్షన్‌లో ఇవన్నీ వెతకలేం, ఇంట్లోనే ఒకసారి చేసి చూసుకోండి.

• లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా దాచండి.

• అద్దె బండి వాళ్లో, లాడ్జీ వాళ్లో లైసెన్స్ వాట్సాప్ చేయమంటే వెంటనే పంపకండి. అందులో మీ పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్ ఉన్నాయి. చూపిస్తే సరిపోతుందా అని మొహమాటపడకుండా అడగండి.

• దూర ప్రయాణమైతే కార్డు కూడా వెంట ఉంచుకోండి. చార్జింగ్ అయిపోతే యాప్ తెరుచుకోదు.

• పాత ఫోన్ అమ్మే ముందు ఈ యాప్‌ల నుంచి లాగౌట్ అయి, ఫోన్ మొత్తం రీసెట్ చేయండి.