సైడ్ టేబుల్ చేద్దాం, 6వ పాఠం: పగిలిన పలక, పనికిరాని లప్పం

ఈ పాఠంలో చపడా పాలిష్, అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసే పూత, మొదలుపెట్టాలి. కానీ ఇప్పుడే స్పిరిట్ సీసా మూత తీయకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఐదో పాఠం చూసి చేసిన బల్లల్లో చాలావాటి పై పలకలు కూడా ఆ రోళ్లతో పాటే పగిలాయి. కాబట్టి పాలిష్ ఏడో పాఠానికి జరిగింది.

తప్పులో సగం పాఠానిదే. కాళ్లకు, వాటిని కలిపే పట్టీలకు మూడు పాఠాలు ఖర్చుపెట్టి, పలక సంగతి వచ్చేసరికి “చట్రం మీద పెట్టి కింది నుంచి బిగించండి” అన్న ఒక్క మాటతో సరిపెట్టేశాం. బిగించమన్నాం కదా అని బిగించేశారు. నాలుగు పట్టీల మీదా ఫెవికాల్ రాసి, అది చాలదన్నట్టు ఎనిమిది స్క్రూలు కూడా దించారు. మాఘమాసంలో చేసిన బల్ల చైత్రం దాకా నిక్షేపంగా ఉంటుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం టప్పుమంటుంది.

కారణం తెలిసినదే, కానీ అంకెల్లో చూస్తేనే భయం వేస్తుంది. చెక్క పోగు వెంట, అంటే గీతలు నడిచే దిక్కున, పలక కొలత మారదనే అనుకోవచ్చు. పోగుకి అడ్డంగా మాత్రం మారుతూనే ఉంటుంది. దుంగను వరసగా చీల్చిన మామూలు టేకు పలకలో తేమ ఒక్క శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. మన పలక వెడల్పు 450 మి.మీ. గాలిలో తేమ 80 శాతం దగ్గర చాలా రోజులు నిలిస్తే చెక్కలో తేమ 16 శాతానికి చేరుతుంది. గాలి 50 శాతానికి దిగితే చెక్క 9 దగ్గర ఆగుతుంది. ఏడు శాతం తేడాకి లెక్క కట్టండి, దాదాపు 6 మి.మీ. ఇంట్లో, పాలిష్ కింద ఉన్న చెక్కకి అంతా మారేంత వ్యవధి ఉండదు కాబట్టి మామూలుగా 3 మి.మీ. అనుకుంటే చాలు. ఆ మూడూ జరగడానికి దారి లేకపోతే పలక తనే దారి చేసుకుంటుంది.

పోగు నిటారుగా, దగ్గర దగ్గరగా గీతల్లా కనిపించే పలక దొరికితే అందులో కదలిక సగమే, 0.10 శాతం. టింబర్ డిపోలో అలాంటివి ఏరుకోవడానికి గంట పట్టినా పరవాలేదు. అడుగున పేర్చిన వాటిలోనే ఉంటాయి, దించమంటే విసుక్కుంటారు. అయినా దించమనండి.

ఇక అసలు గొడవ. పగులు చూడగానే నూటికి తొంభై మంది చేసిన పని ఒకటే: రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్దేశారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పెయింటు పనివాళ్ల నుంచి ఇంటి పెద్దల దాకా అందరూ ఇచ్చే సలహా.

మే నెలలో కనిపించే పగులు చెక్క కుంచించుకుపోవడం వల్ల వచ్చిన సందు. మృగశిర దాటి వానలు పడితే చెక్క మళ్లీ ఉబ్బి ఆ సందును తనే మూసుకోవాలని చూస్తుంది. మీరు అక్కడ రాయిలాంటి లప్పం కూర్చోబెట్టారు. ఉబ్బే చెక్కకి చోటు లేదు. లప్పం నలగదు కాబట్టి దాని పక్కనున్న చెక్క కణాలు నలుగుతాయి. నలిగినవి మళ్లీ లేవవు. తర్వాతి వేసవికి చెక్క కుంచించుకున్నప్పుడు అప్పటికే నలిగిపోయిన మేర అదనంగా తగ్గి, లప్పం పక్కనే కొత్త సందు వస్తుంది. దానికి మళ్లీ లప్పం. వెంట్రుకవాసి పగులు ఏటికేడాది వెడల్పవుతూ పోతుంది, నింద మాత్రం “టేకు మంచిది కాదు” అని దుకాణం మీద పడుతుంది. ఎపాక్సీ పోసినా కథ ఇదే. ఎపాక్సీ ఇంకా గట్టిది కాబట్టి ఇంకా చేటు. మేకు కొట్టిన చిన్న గుంటకీ, పురుగు తొలిచిన బెజ్జానికీ లప్పం పెట్టండి, తప్పులేదు. పోగు వెంట సాగిన పగులుకి మాత్రం వద్దు. ఇప్పటికే పెట్టినవాళ్లు సన్నటి హ్యాక్సా బ్లేడుతో గీకి తీసేయండి, చెక్క తగలకుండా.

సరైన వరస ఇది. ముందు పలకను చట్రం నుంచి విడదీయాలి. స్క్రూలు తేలిక. ఫెవికాల్ పట్టు వదలాలంటే హెయిర్ డ్రైయర్‌తో అతుకు వెంబడి వేడి పెట్టండి, అది మెత్తబడుతుంది. తర్వాత హ్యాక్సా బ్లేడును పట్టీకి, పలకకి మధ్య దూర్చి నెమ్మదిగా కోసుకుంటూ రండి. సుత్తితో కింది నుంచి కొట్టకండి, పట్టీ ఊడి కాలితో సహా వస్తుంది.

విడదీసిన పలకను పడుకోబెట్టకండి. రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టి రెండు వారాలు వదిలేయండి. సగం పగుళ్లు వాటంతటవే మూసుకుంటాయి. పలకలోని చెక్కలను కలిపిన అతుకు దగ్గరే విడిపోయి ఉంటే పూర్తిగా చీల్చి, రెండు అంచులూ చిత్రిక పట్టి మళ్లీ అతకాలి. సగం ఊడిన అతుకులోకి జిగురు పంపి లాభం లేదు, పాత ఫెవికాల్ మీద కొత్తది పట్టదు. చెక్కే చీలి ఉంటే సిరంజితో జిగురు పంపి, క్లాంపులు వేసి ఒక రాత్రి ఉంచండి. అప్పటికీ సందు మూసుకోకపోతే అదే చెక్క చీలికను, పోగు పలక పోగుతో కలిసేలా దించి అతకండి. పలక ఇప్పుడు స్వేచ్ఛగా ఉంది కాబట్టి ఇది లప్పంలా తిరగబడదు, దానితో పాటే కదులుతుంది. అతికే పనికి కార్తీకమాసం అన్నిటికంటే మేలు, చెక్కలో తేమ నడిమధ్యన ఉంటుంది. ఆగలేనివాళ్లు ఇప్పుడే చేసుకోవచ్చు.

గిన్నెలా వంగిన పలక అయితే, గుంట పడిన వైపు ఎండిపోయింది. ఆ వైపు కిందికి వచ్చేలా తడి గడ్డి మీద బోర్లించి, ఉబ్బెత్తు వైపుకి ఉదయపు ఎండ తగలనివ్వండి. గంటకోసారి చూడాలి, లేకపోతే అవతలి వైపు వంగుతుంది. చదునుగా అయ్యాక నిలబెట్టేయండి.

మళ్లీ బిగించడానికి చెక్క బిళ్లలు చేద్దాం. బిళ్ల చివరి నాలుక పట్టీ గాడిలో దూరుతుంది, మిగతా భాగం స్క్రూతో పలక అడుగుకి పడుతుంది. హార్డ్‌వేర్ షాపు ఎల్ క్లాంపులు కూడా పనిచేస్తాయి, వాటిలో పొడుగు గాడి ఉన్నవే తీసుకుని గాడి పలక వెడల్పు దిక్కున ఉండేలా పెడితే. కానీ బల్ల తలకిందులు చేసినప్పుడు ఇనుము కనిపించడం అందం కాదు, బిళ్లలే చేయండి.

పట్టీల లోపలి ముఖాన, పై అంచు నుంచి 12 మి.మీ. కింద, 7 వెడల్పు, 8 లోతు గాడి తీయాలి. బిళ్ల 35 పొడవు, 30 వెడల్పు, 17 మందం. ఒక చివర పై నుంచి 11 మి.మీ. లోతున కోసేస్తే కింద 6 మందం, 10 పొడవు నాలుక మిగులుతుంది. గాడి 12 దగ్గర, కోత 11 దగ్గర. ఆ ఒక్క మి.మీ. తేడా వల్లే స్క్రూ బిగించినప్పుడు బిళ్ల పలకను కిందికి లాగి పట్టీకి అదుముతుంది. రెండూ సమానమైతే పలక వదులుగా టకటకలాడుతుంది.

బిళ్లలో పోగు నాలుక పొడవునా నడవాలి. అడ్డంగా నడిస్తే మొదటి బిగింపుకే నాలుక బిస్కెట్టులా విరుగుతుంది. ఒక పొడవాటి కర్రకి చివర నాలుక కోసి, 35 దగ్గర తెంచి, మళ్లీ కోసి తెంచుకుంటూ పోతే పొరపాటుకి అవకాశం లేదు. పక్కకి రెండు చొప్పున ఎనిమిది చాలు.

పోగు పలకలో ఏ దిక్కుకి ఉందో చూసుకోండి. పోగుకి సమాంతరంగా ఉన్న రెండు పట్టీల దగ్గర నాలుక గాడిలోకి, బయటికి కదలాలి. ఇప్పుడు, ఎండు కాలంలో బిగిస్తే పలక ముందుముందు పెరుగుతుంది. నాలుకను 4 మి.మీ. మాత్రమే లోపలికి పంపి ఆపండి. ముసురులో బిగిస్తే 7 దాకా తోయండి, అప్పుడది తగ్గుతూ వస్తుంది. మిగతా రెండు పట్టీల్లో బిళ్లలు గాడి వెంట పక్కలకి జరుగుతాయి, వాటికి లెక్క అక్కర్లేదు. ఆ రెండు పట్టీల సరిగ్గా మధ్యలో ఒక్కొక్క స్క్రూ కదలకుండా వేస్తే పలక రెండు వైపులా సమానంగా పెరుగుతుంది. బిళ్ల మందం 17, పలక మందం 20 కాబట్టి బిళ్లలో వేసే స్క్రూ పొడవు 37 మి.మీ. మించితే పలకలోంచి మొన పైకి తేలుతుంది, ముందు కొలవండి. జిగురు చుక్క కూడా వద్దు.

బల్లను విదేశానికి పంపేవాళ్లకి ఒక మాట. విజయవాడలో వానాకాలంలో 14 శాతం తేమతో చేసిన పలక న్యూజెర్సీలో చలికాలపు హీటర్ ఇంట్లో 6 శాతానికి దిగుతుంది. పైన చెప్పిన లెక్కలో ఎనిమిది శాతం, 450 మి.మీ. పలకకి 6 మి.మీ. పైచిలుకు. వాళ్ల కోసం నాలుకను 12 మి.మీ. చేసి, గాడిని 11 లోతు తీసి, అడుగంటా తోసి బిగించండి. పట్టీ 20 మందం ఉంటేనే.

వాడకంలో జాగ్రత్తలు ఏడో పాఠంలో వివరంగా ఉంటాయి. ఈలోగా ఏసీ గాలి నేరుగా తగిలే చోట, పడమటి కిటికీ పక్కన పెట్టొద్దు. కొబ్బరినూనె రాయొద్దు, అది ఎండదు, దుమ్ము పడుతుంది. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో కాళ్ల అడుగులు నీళ్లు పీల్చి నల్లబడతాయి. పాలిష్ మొదలయ్యాక మొదటి మూడు పూతలు అక్కడే వేయాలి. పై పలక సంగతి తర్వాత.

అభ్యాసం: పలక కోయగా మిగిలిన ముక్కలోంచి పోగుకి అడ్డంగా 300 మి.మీ., పోగు వెంట 50 ఉండే పట్టీ కోయండి. దానికి పాలిష్ వద్దు. బల్ల ఉన్న గదిలోనే గోడకి వేలాడదీసి, ఈ ఆదివారం నుంచి సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం ఒకే వేళకి స్టీలు స్కేలుతో పొడవు, వంటింటి కాటాతో బరువు రాసుకోండి. అర మి.మీ. దాకా చూడాలి. ఒక్క వారం తప్పినా అంచనా వేసి నింపకండి, ఆ గడి ఖాళీగా ఉంచండి. ముక్క వేలాడదీయకుండా ఏడో పాఠం మొదలుపెట్టకండి, ఎక్కువ పొడవు, తక్కువ పొడవు తేలాకే మీ తర్వాతి బల్ల గాడి లోతు తేలేది.