ఆయిల్ తాగే పాత కారుకి క్లీనింగ్ ఆయిల్ ఎలా వాడాలంటే

అమెరికాకి ఎమ్మెస్ చేయడానికొచ్చి తక్కువలో వస్తోంది కదా అని పాత టయోటా కామ్రీ కొనేసిన మనవాళ్ళు చాలామందే ఉంటారు. రెండు నెలలయ్యాక డిప్‌స్టిక్ (ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) లాగి చూస్తే కొసకి కూడా ఆయిల్ అంటదు, కారు కిందేమో ఒక్క చుక్క కారిన మరకుండదు, అంటే ఇంజనే తాగేస్తోందన్నమాట. 2007-09 కామ్రీల్లోని 2.4 లీటర్ ఇంజన్‌కి (2ఏజెడ్-ఎఫ్ఈ) ఈ పేరు బాగా ఉంది, టయోటా వాళ్ళే వారంటీ పొడిగించి పిస్టన్లు మార్చిచ్చారు, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది.

సంగతేంటంటే పిస్టన్‌కి కింద ఆయిల్ రింగ్ ఒకటుంటుంది, సిలిండర్ గోడ మీద ఎక్కువైన ఆయిల్ని గీకి పిస్టన్‌కున్న సన్న బెజ్జాల్లోంచి కిందకి పంపడం దాని పని. కాఫీ ఫిల్టర్ బెజ్జాలు పొడి పట్టి మూసుకుపోయినట్టు అవి మసితో పూడుకుపోతే ఆయిల్ పైనే ఉండిపోయి పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. ఆ మసిని మెల్లగా కరిగించడానికే వాల్వోలిన్ వాళ్ళు 2024లో రిస్టోర్ అండ్ ప్రొటెక్ట్ అనే ఆయిల్ తెచ్చారు. డ్రెయిన్ చేసేముందు పోసి పది నిమిషాలు తిప్పే ఫ్లష్ లాంటిది కాదు, మామూలు ఆయిల్ లాగే పోసుకుని తిరగడమే.

పోసేముందు లెక్క తీయండి, ఇది చాలామంది చెయ్యరు, తర్వాత తగ్గిందో లేదో తెలీక తల పట్టుకుంటారు. చదునైన చోట బండి ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి ఫోటో తీసుకోండి, ఓడోమీటర్ది కూడా. మళ్ళీ ఫుల్ మార్క్‌కి రావడానికి ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) ఎన్ని మైళ్ళకి పట్టిందో రాసుకోండి. టయోటా టెస్ట్‌లో 1200 మైళ్ళలోపే క్వార్ట్ అయిపోతే ఎక్కువ తాగుతున్నట్టు లెక్క. ఈలోపు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ గాలి లోపలికెళ్ళే దారిలోకి పంపే చిన్న వాల్వ్) కూడా తీసి చూసుకోండి, చేత్తో ఊపితే లోపల టకటకా కొట్టుకోవాలి, లేకపోతే మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు, ఒక్కోసారి సమస్యంతా అక్కడే.

ఇక పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దింపి, కొత్త ఫిల్టర్ వేసి, మాన్యువల్లో చెప్పిన గ్రేడే (ఆయిల్ చిక్కదనం) పోయండి. ఐదు క్వార్ట్ల డబ్బా కొంటే ఈ కామ్రీకి నాలుగున్నర పడుతుంది, మిగిలిన అరక్వార్ట్ టాపప్‌కి డిక్కీలో పెట్టుకోండి, మధ్యలో వేరే ఆయిల్ కలిపితే దీని పని పలచబడుతుంది. నేనొకసారి రాత్రి పార్కింగ్ లాట్‌లో ఫోన్ లైట్ పట్టుకుని డబ్బా మొత్తం వొంపేసి, తెల్లారి కిందకి దూరి మళ్ళీ తీయాల్సొచ్చింది, మీరా పని చెయ్యకండి, ఎక్కువైతే నురగొస్తుంది.

లోపల ఊడిన గసి అంతా ఫిల్టర్‌కే చేరుతుంది కాబట్టి మొదటిసారి 2500 మైళ్ళకి ఫిల్టర్ ఒక్కటీ మార్చి, 5000కి ఆయిల్ కూడా మార్చేస్తా నేను. ఆయిల్ తొందరగా నల్లబడితే కంగారు పడొద్దు. వారానికోసారి డిప్‌స్టిక్ చూడ్డం మాత్రం మానొద్దు, క్లీనింగ్ ఆయిల్ పోశాం కదా అని వదిలేస్తే ఆయిల్ లేక ఇంజన్ పట్టేస్తుంది. వరుసగా నాలుగు ఛేంజ్‌లన్నా ఇదే వాడి అప్పుడు లెక్క చూసుకోవాలి, మొదటి డబ్బాకే తగ్గలేదని తిట్టుకుంటే లాభం లేదు.

ఇంజన్ బోరుకొచ్చేసి ఉంటే, అంటే రింగులు అరిగి కంప్రెషన్ పడిపోయి ఉంటే, ఏ ఆయిలూ ఏం చెయ్యలేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగొచ్చి ఆగిపోతే చాలావరకు వాల్వ్ సీళ్ళ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు) పని, రింగులది కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ని నేరుగా సిలిండర్లోకే చిమ్మే) కార్లలో గాలి లోపలికెళ్ళే ఇన్‌టేక్ వాల్వుల వెనక పేరుకునే మసి కూడా దీంతో పోదు, దానికి వేరే క్లీనింగ్ ఉంది.

దింపిన పాత ఆయిల్ని ఏదైనా ఖాళీ ఆయిల్ డబ్బాలోకి వొంపి మూత గట్టిగా బిగించి కార్ల సామాన్లమ్మే ఆటోజోన్‌కో ఓరైలీకో తీసుకెళ్తే ఊరికే తీసుకుంటారు, అపార్ట్‌మెంట్ డంప్‌స్టర్‌లో మాత్రం పడేయకండి బాబూ.