చిన్న రాడార్ల వల – 4వ పాఠం: రాడార్‌కూ రాడార్‌కూ ఎంత ఎడం?

కిందటి పాఠంలో వాననీ గాలినీ చూసే ఒక్క ఎక్స్ బ్యాండ్ రాడార్‌ని విప్పి చూశాం: సుమారు 3 సెం.మీ. తరంగదైర్ఘ్యం, 1.2 మీటర్ల డిష్, 1.8° వెడల్పు బీమ్. ఇప్పుడు అలాంటివి మూడు నాలుగింటిని మ్యాపు మీద పెట్టాలి. క్యాలిక్యులేటర్, వృత్తలేఖిని దగ్గర పెట్టుకోండి.

ముందు భూమి వంపు సంగతి. రాడార్ నుంచి దూరం పెరిగేకొద్దీ బీమ్ నేలని వదిలి పైకి పోతుంది. ఎంత పైకి పోతుందో ఈ లెక్క చెబుతుంది (అన్నీ కి.మీ.లలో):

ఎత్తు = దూరం × సైన్(ఎత్తు కోణం) + దూరం² ÷ 17,000

గాలి పొరల్లో బీమ్ కాస్త కిందికి వంగడం కూడా ఆ 17,000లోనే కలిసి ఉంది. మచిలీపట్నం తీరంలోని పెద్ద ఎస్ బ్యాండ్ (సుమారు 10 సెం.మీ. తరంగదైర్ఘ్యం) రాడార్ నుంచి సూర్యాపేట నేరుగా సుమారు 190 కి.మీ. అక్కడ 0.5° బీమ్ ఎత్తు 1.66 + 2.12, అంటే దాదాపు 3.8 కి.మీ. దాని కింద ఏం జరుగుతున్నా ఆ రాడార్‌కి కనపడదు. అదే 30 కి.మీ. దూరంలో 1° కోణానికి 0.52 + 0.05, అంటే 570 మీటర్లే. అమెరికాలో 2003లో మొదలైన కాసా అనే వాతావరణ రాడార్ల పరిశోధన ప్రాజెక్టు ఓక్లహోమా నైరుతి భాగంలో నాలుగు చిన్న రాడార్లని సుమారు 25–30 కి.మీ. ఎడంతో, ఒక్కోటి 40 కి.మీ. దాకా చూసేలా నిలబెట్టింది ఈ కింది పొర కోసమే. చికాషా, రష్ స్ప్రింగ్స్, సిరిల్, లాటన్ – ఆ నాలుగు ఊళ్లనీ మ్యాపులో వెతికి గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తాయి.

భూమి వంపు ఒక్కటే అడ్డమైతే ఎడం 60 కి.మీ.కి పెంచినా పెద్ద నష్టం ఉండేది కాదు. అసలు చిక్కు వానతోనే. 10 సెం.మీ. తరంగం వానలోంచి దాదాపు చెక్కుచెదరకుండా వెళ్తుంది. 3 సెం.మీ. తరంగాన్ని మాత్రం వాన తినేస్తుంది. ఎంత తిన్నదో తెలుసుకోవడానికి అడ్డ తరంగానికీ నిలువు తరంగానికీ మధ్య పేరుకున్న దశాభేదాన్ని (ఒక అల రెండోదానికన్నా ఎంత వెనకబడిందో) చూడాలి. ఎక్స్ బ్యాండ్‌లో ఒక్కో డిగ్రీకి సుమారు 0.28 డెసిబెళ్ల నష్టం. దశాభేదం 40° ఉంటే 11 డెసిబెళ్లు పోయినట్టే. తెర మీద వాన సంకేతం బలం 35 డీబీజెడ్ (డెసిబెళ్ల కొలత) కనిపిస్తే అసలు విలువ 46. సంకేతం బలాన్ని వాన జోరుగా మార్చే మార్షల్–పామర్ సూత్రంలో (గుణకం 200, ఘాతం 1.6) వేసి చూడండి: గంటకి 5.6 మి.మీ. అనుకున్నది 27 మి.మీ. అవుతుంది. ఈ దిద్దుబాటు చేయని బొమ్మని చూసి ఎవరికీ హెచ్చరిక ఇవ్వకండి.

దిద్దుబాటుకీ లొంగని సందర్భాలు రెండు. ఒకటి, సంకేతం పూర్తిగా చచ్చిపోవడం. గట్టి వాన వెనక తెర ఖాళీగా ఉంటుంది. దాన్ని ‘వాన లేదు’ అని సున్నాగా రాయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ‘సమాచారం లేదు’ అని రాసి, అటు పక్కనుంచి చూస్తున్న రాడార్ విలువ తీసుకోవాలి. రెండోది, వాన రాడార్ నెత్తినే కురవడం. డిష్‌ని కప్పే గొడుగులాంటి రాడోమ్ మీద నీటిపొర పట్టి అన్ని దిక్కులా విలువలు ఒకేసారి పడిపోతాయి. ఈ నష్టం దశాభేదంలో కనిపించదు, పక్క రాడార్‌తో పోల్చితేనే బయటపడుతుంది.

ఇక గాలి. ఒక్క డాప్లర్ రాడార్ తనవైపు వచ్చే, తననుంచి పోయే వేగాన్నే చెబుతుంది. ఒకే చోటుని రెండు రాడార్లు చూస్తే పూర్తి గాలి దొరుకుతుంది. మన చోటు మొదటి రాడార్‌కి సరిగ్గా తూర్పున ఉందనుకోండి. అది సెకనుకి +12 మీ. చూపిస్తే (పోయేది ప్లస్) తూర్పు దిశ వేగం 12. రెండో రాడార్‌కి ఆ చోటు ఉత్తరం నుంచి 30° తూర్పుకి ఉంది, చూపించేది –4. అప్పుడు:

–4 = 12 × 0.5 + ఉత్తర వేగం × 0.866

ఉత్తర వేగం –11.5. అంటే గాలి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 16.6 మీ. వేగంతో వీస్తోంది.

ఇక్కడ రెండు చూపుల మధ్య కోణం 60°. రెండో రాడార్ కొలతలో 1 మీ. తప్పుంటే జవాబులో 1.15 మీ. తప్పు వస్తుంది. కోణం 30° అయితే ఆ తప్పు 2 మీ., 20° అయితే 2.9. అందుకే 30° కన్నా తక్కువ, 150° కన్నా ఎక్కువ కోణాలని వదిలేస్తాం. రెండు రాడార్లని కలిపే గీత మీద ఇద్దరూ ఒకే గీత వెంట చూస్తారు, అడ్డంగా వీచే గాలి ఇద్దరికీ అందదు. 30 కి.మీ. ఎడం ఉంటే గీత మధ్యలో అటూ ఇటూ 4 కి.మీ. మేర ఇదే పరిస్థితి. ఆ మెతుకు ఆకారపు ఖాళీని పూడ్చడానికే మూడో రాడార్ కావాలి. అది గీత మీద కాదు, పక్కకి ఉండాలి. మూడింటినీ వరసగా రోడ్డు పక్కన పెడితే కరెంటు, ఇంటర్నెట్ సులువుగా దొరుకుతాయి గానీ గాలి లెక్క దెబ్బతింటుంది.

బిగించేటప్పుడు ఉత్తర దిక్కుని సూర్యుడితో సరిచూడండి. 1° తప్పితే 30 కి.మీ. దగ్గర బొమ్మ 520 మీటర్లు పక్కకి జరుగుతుంది. గడియారాలూ కలవాలి: సెకనుకి 15 మీ. కదిలే మబ్బు నిమిషంలో 900 మీటర్లు పోతుంది. అది 30 కి.మీ. దగ్గర మన బీమ్ వెడల్పుతో దాదాపు సమానం.

అభ్యాసం: 1 సెం.మీ.కి 5 కి.మీ. చొప్పున, 30 కి.మీ. భుజంతో సమబాహు త్రిభుజం గీయండి. ప్రతి మూల నుంచీ 40 కి.మీ. వృత్తం గీసి, కనీసం రెండు రాడార్లు చూసే చోటుని లేతగా, మూడూ చూసే చోటుని ముదురుగా నింపండి. తర్వాత ఒక్కో భుజం మధ్యలో అటూ ఇటూ 4 కి.మీ. ఉండే మెతుకు గీసి, అది ముదురులోకి వస్తుందో లేదో చూడండి. ఎడాన్ని 50 కి.మీ.కి పెంచి మళ్లీ గీయండి. మెతుకు సగం వెడల్పు ఈసారి 6.7 కి.మీ. అవుతుంది. ఈ రెండు బొమ్మలూ దాచుకోండి. 60 సెకన్లకోసారి ఏ రాడార్ ఎటు తిరగాలో వచ్చే పాఠంలో వీటి మీదే తేలుస్తాం.