ఒకే పేరున్న పెద్దమనుషుల ఫొటోలు తారుమారు కాకుండా ఫ్లెక్సీ వేయడం ఎలా

హన్మకొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటాను. జయంతికో వర్ధంతికో బ్యానర్ కావాలని వచ్చేవాళ్లు పేరొక్కటి చెప్పి, "ఫొటో నెట్‌ల ఉంటది, తీసుకో అన్నా" అని బండెక్కి పోతారు. అసలు టెన్షన్ అక్కడే మొదలు. ఓసారి జూలై 22న దాశరథి కృష్ణమాచార్య జయంతికి ఆరు బై నాలుగు ఫ్లెక్సీ కొట్టిచ్చాను. నిచ్చెన వేశారు, ఒక మూల తాడు కూడా కట్టారు, అంతలో ఎవరో రిటైర్డ్ తెలుగు సారు కింద నిలబడి, కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, "ఏం బిడ్డా, జయంతేమో అన్నగారిది, బొమ్మేమో తమ్మునిది పెట్టినవ్?" అన్నారు. నిచ్చెన మీదున్న పిల్లగాడు అట్లనే ఆగిపోయి నా దిక్కు చూశాడు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఒక్క గుర్తు పట్టుకుని ఫొటో దించొద్దు, కనీసం రెండు కావాలి, అవి కూడా ఇద్దరిలో తేడాగా ఉండేవి కావాలి. ఆ అన్నదమ్ములనే చూడండి. ఇంటిపేరు ఒకటే, ఊరు చినగూడూరే, ఇద్దరూ నిజాంను ఎదిరించారు, ఇద్దరూ రచయితలే. ఇంటిపేరూ ఊరూ కొట్టి వెతికితే ఇద్దరూ కలిసే వస్తారు. పుట్టిన ఏడాదీ, రాసిన పుస్తకమూ కలిపితేనే విడిపోతారు. 1925లో పుట్టి 'అగ్నిధార' రాసిన కవి అన్న కృష్ణమాచార్య. 1928లో పుట్టి 'చిల్లర దేవుళ్లు' నవల రాసి, వేదాలను తెలుగులోకి తెచ్చినాయన తమ్ముడు రంగాచార్య.

పోనీ చేసిన పని చూస్తే సరిపోతుందా అంటే, వేణుమాధవ్ దగ్గర అదీ ముంచుతుంది. నేరెళ్ల వేణుమాధవ్ గారు మన వరంగల్ ధ్వని అనుకరణ సమ్రాట్టు, పుట్టింది 1932లో, పోయింది 2018లో. సినిమా కమెడియన్ వేణుమాధవ్‌ది కోదాడ, ఆయనా మిమిక్రీ నుంచే వచ్చాడు, 2019లో పోయాడు. 'వేణుమాధవ్ మిమిక్రీ' అని కొడితే ఇద్దరూ కలగాపులగంగా వస్తారు కాబట్టి ముందు 'నేరెళ్ల' తగిలించండి.

ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కూడా కలిపేయొద్దు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గోదావరి దిక్కు భావకవి, దేవులపల్లి రామానుజరావు మన దేశాయిపేటలో పుట్టిన సాహితీవేత్త, దేవులపల్లి వెంకటేశ్వరరావు సాయుధ పోరాటం నడిపిన కమ్యూనిస్టు నాయకుడు. కొండా లక్ష్మణ్ బాపూజీది వాంకిడి. రంగారెడ్డి జిల్లాకు పేరొచ్చింది ఇంకో కొండా, కొండా వెంకట రంగారెడ్డి వల్ల.

జయశంకర్ సారు ఫొటోకు చిట్కా చిన్నది. ఇంగ్లీషులో కొడితే ఒక్కోసారి కేంద్ర మంత్రి జైశంకర్ వచ్చి కూర్చుంటారు. తెలుగులో 'కొత్తపల్లి జయశంకర్ అక్కంపేట' అని కొట్టండి. జయంతి ఆగస్టు 6, వర్ధంతి జూన్ 21. బుక్ చేసేటప్పుడే ఈ రెండింట్లో ఏదో అడిగి రాసుకోండి, జయంతి ఫ్లెక్సీ మీద వర్ధంతి అని పడిందంటే ఫొటో తప్పుకన్నా ఎక్కువ తిట్లు పడతాయి.

ఇక కాకతీయులు. ఇక్కడ నాకే తల తిరుగుతుంది, ఎందుకంటే అందరూ రుద్రులే. వేయిస్తంభాల గుడి 1163లో కట్టించింది రుద్రదేవుడు, కొన్ని పుస్తకాల్లో ఈయన్నే మొదటి ప్రతాపరుద్రుడు అంటారు. ఆయన తమ్ముడి మనవరాలు రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు. ఆమెను కూడా శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అనే రాశారు, కాబట్టి పేరు చూసి మగాయన అనుకోవద్దు! రుద్రమ కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు, 1323లో ఓరుగల్లు పడిపోయింది ఈయన కాలంలోనే. పాలంపేటలో రామప్ప గుడి 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు అసలు రాజే కాదు, గణపతిదేవుడి సేనాని. ఇవి చాలవన్నట్టు ఒడిశాలో గజపతి ప్రతాపరుద్రుడు ఒకాయన ఉన్నాడు, మనాయన తర్వాత సుమారు రెండు వందల ఏళ్లకు, కృష్ణదేవరాయలతో యుద్ధం చేసింది ఆయన. రాజులకు ఫొటోలుండవు, నెట్‌లో దొరికేవన్నీ ఎవరో ఊహించి గీసిన బొమ్మలే, అందుకని నేనైతే రాజు బొమ్మ బదులు గుడి ఫొటో పెట్టి కింద పేరూ ఏడాదీ వేస్తాను. గుడిని ఎవరూ తప్పు పట్టరు, సరైన గుడి పెడితే.

గ్రూప్స్‌కు చదివే పిల్లలు మా షాపుకొచ్చి అడిగే ఇంకో జంట: దొడ్డి కొమరయ్య, కొమరం భీం. మొదటాయనకు కొమరయ్య సొంత పేరు, 1946 జూలై 4న కడవెండిలో తూటాకు బలయ్యాడు. రెండో ఆయనకు కొమరం ఇంటిపేరు, జోడేఘాట్‌లో 1940లో అమరుడైన గోండు వీరుడు. మన దిక్కు కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు, సమ్మక్క పేరు మీద సమ్మయ్యలు వాడకో నలుగురు ఉంటారు గనక ఈ తికమక మనకు మామూలే.

అంతా చూసుకున్నాక కూడా ప్రింట్ నొక్కేముందు ప్రూఫ్‌ను ఆర్డర్ ఇచ్చినాయనకు కాదు, విషయం తెలిసిన పెద్దమనిషి ఒకరికి వాట్సాప్‌లో పంపండి. నేను ఆ తెలుగు సారుకే పంపుతాను. బొటనవేలు గుర్తు వచ్చాకే మిషన్ ఆన్ చేస్తాను. ఆనాటి తప్పు ఫ్లెక్సీ మాత్రం వృథా కాలేదు, తిరగేసి షాపు వెనక జనరేటర్ మీద కప్పాం, రెండు వానాకాలాలు ఆగింది.