చలి ప్రాంతాల తారు రోడ్లు – 3వ పాఠం: దీపం వత్తిలాంటి మట్టి

పోయిన రెండు పాఠాల్లో రోడ్డు పొరలు, పైనుంచి దిగే వాన నీళ్లు చూశాం. ఈసారి కింద నుంచి ఎక్కే నీళ్ల సంగతి. నన్నడిగితే ఈ వరస మొత్తంలో ఇదే అసలు పాఠం, కాబట్టి నిదానంగా చదవండి. చివర్లో ఇంట్లో చేసి చూడాల్సిన పని కూడా ఒకటి ఉంది, దానికి ఒక ఆదివారం చాలు.

మొన్న మారతహళ్లిలో టీ తాగుతుంటే మా అనంతపురం కుర్రాడొకడు, ఇక్కడే రోడ్ల డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరాడు, "అన్నా, బెంగళూరులో కూర్చుని మంచు గురించి చదివి ఏం చేయాలి?" అన్నాడు. వాడు అడిగింది సబబే. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. ఇక్కడ నేల గడ్డకట్టడం మనం చూడం. కానీ లేహ్‌లో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకి పది, పదిహేను డిగ్రీలు కిందికి పోవడం మామూలు, ఆ రోడ్ల డ్రాయింగులు మనలాంటి వాళ్ల టేబుళ్ల మీదకీ వస్తాయి. చూడని చలిని లెక్కలోకి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

లడాఖ్‌లో నేను చూసిన మొదటి పని అది. సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరలన్నిటికీ అడుగునుండే నేల) మట్టి రిపోర్టులో సీబీఆర్, అంటే మట్టి ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, బాగా వచ్చింది, వాన కూడా పెద్దగా పడని ప్రాంతం, ఇంకేం కావాలని సంతకం పెట్టాను. మట్టిని చేతిలోకి తీసుకుని నలిపితే గోధుమపిండిలా మెత్తగా, వేళ్లకి జిగురు అంటకుండా జారిపోయింది, అది నాకు ఇప్పటికీ గుర్తు. రోడ్డుకి పై వాలులో ఊరివాళ్ల సాగు కాలువ ఉంది, దాన్ని కూడా చూశాను, చూసి ఊరుకున్నాను.

చలికాలంలో రోడ్డు అక్కడక్కడా వీపు లేచినట్టు పైకి ఉబ్బింది. ఒకచోట తవ్వించి చూస్తే తారు కింద, కంకర కింద, మట్టిలో తెల్లటి మంచు పొరలు, ఒకటి గోరంత మందం, ఇంకొకటి వేలంత, మధ్య మధ్యలో మట్టి, అచ్చం మడత కాజాని అడ్డంగా కోసినట్టు. వీటినే ఐస్ లెన్సులు అంటారు. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లేసరికి అదే చోట లారీ చక్రం పోయినప్పుడల్లా తారు కుంగి, పగుళ్లలోంచి బూడిదరంగు బురద పైకి చిమ్ముతోంది.

ఇక లెక్కలోకి వద్దాం. నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయని బళ్లో చదువుకున్నాం కదా, చాలామంది రోడ్డు లేవడానికి అదే కారణం అనుకుని అక్కడితో ఆగిపోతారు. లెక్కేసి చూడండి. ఒక మీటరు లోతు మట్టిలో నీళ్లు పరిమాణంలో 40 శాతం ఉన్నాయనుకుందాం, మొత్తం గడ్డకట్టినా లేవాల్సింది 3.6 సెంటీమీటర్లే. కానీ చలి దేశాల్లో రోడ్లు పది, పదిహేను సెంటీమీటర్లు లేచిన సందర్భాలున్నాయి. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? దీన్ని తేల్చినవాడు స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త. 1930 ప్రాంతంలో ఆయన మట్టిలో నీళ్లకి బదులు బెంజీన్ అనే ద్రవం పోసి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి లేచింది! అంటే ఉన్న నీళ్లు ఉబ్బడం చిన్న సంగతి, కింద నుంచి కొత్త నీళ్లు నడిచి రావడమే పెద్ద సంగతి.

దీపం గుర్తు తెచ్చుకోండి. వత్తి కొసన మంట నూనెని తినేస్తూ ఉంటే, ప్రమిదలోని నూనె వత్తి వెంట పైకి పాకుతూనే ఉంటుంది. రోడ్డు కింద కూడా ఇంతే. మంట ఉన్నచోట గడ్డకట్టే పొర ఉంది, అది దగ్గరున్న నీళ్లని మంచుగా మార్చేసుకుని కింద నుంచి ఇంకొన్ని లాగుతుంది. వత్తి మట్టి, నూనె భూగర్భ జలం. చలి ఉన్నంతకాలం మంచు పొర మందమవుతూ మీదున్న రోడ్డుని ఎత్తేస్తూ ఉంటుంది. చలిని మనం ఆర్పలేం. కాబట్టి వత్తి తీసేయాలి, లేదా నూనె తీసేయాలి, రెండూ చేస్తే మరీ మంచిది.

ముందు వత్తి. ఏ మట్టి మంచి వత్తి? ఇసుకలో సందులు పెద్దవి, నీళ్లు కొద్ది ఎత్తు ఎక్కి ఆగిపోతాయి. జిగట బంకమట్టిలో సందులు మరీ సన్నం, చాలా ఎత్తుకి లాగే బలం ఉంటుంది కానీ నీళ్లు కదిలేది చాలా మెల్లగా, చలికాలం అయిపోయేలోపు వచ్చేది తక్కువ. రెండిటికీ మధ్యలో ఉండేది సిల్ట్, మన చెరువు ఒండ్రులాంటిది, ఎత్తుకీ లాగుతుంది, త్వరగానూ లాగుతుంది. అందరికంటే ప్రమాదం దీంతోనే. నా చేతిలో గోధుమపిండిలా జారింది ఇదే. మట్టి ఇంజనీరింగ్‌లో పేరున్న ఆర్థర్ కాసగ్రాండే 1930ల మొదట్లో ఇచ్చిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది: చిన్నా పెద్దా కలిసిన మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువులు 3 శాతం దాటితే అనుమానించండి, అన్నీ ఒకే సైజు రేణువులైతే 10 శాతం దాకా ఓర్చుకోవచ్చు. సైటు ల్యాబులో అన్నిటికంటే సన్నని జల్లెడ 75 మైక్రాన్లది, అంటే 0.075 మిల్లీమీటర్లు. అది 0.02 సంగతి చెప్పదు. అందుకే చలి ప్రాంతం పనైతే హైడ్రోమీటర్ టెస్ట్ (నీళ్లలో మట్టి దిగే వేగాన్ని బట్టి సన్న రేణువులు కొలిచేది) తప్పనిసరిగా అడగండి, సీబీఆర్ ఒక్కటే చూసి నాలాగా సంతకం పెట్టొద్దు. ఇంకోటి, క్రషర్ డస్టుని (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) రాయే కదా అని నమ్మి కింద పొరలో నింపేస్తుంటారు, అంత సన్నగా అయ్యాక రాయి కూడా వత్తే.

అలాంటి మట్టి దొరికితే చలి దిగే లోతులో వీలైనంత వరకు తవ్వి తీసి, సన్నం లేని ముతక కంకర, ఇసుక నింపాలి. మొత్తం తీయడానికి డబ్బు చాలకపోతే మధ్యలో ఒక ముతక రాతి పొర పరిచినా వత్తి అక్కడ తెగుతుంది. ఆ రాతి పొరలోకి కింది బురద ఎక్కకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి, లేకపోతే కొన్నేళ్లకి సందులు పూడిపోయి మళ్లీ వత్తి అవుతుంది.

ఇప్పుడు నూనె. నా సైటులో చేయాల్సింది కాలువకీ రోడ్డుకీ మధ్య లోతుగా ఒక సబ్‌సాయిల్ డ్రైన్, అంటే నేల లోపలి నీళ్లని పట్టే కాలువ, తవ్వి, ఊరే నీళ్లని పక్కకి తిప్పడం. తర్వాత అదే చేశాం. రోడ్డుని నేల మీద నుంచి ఎత్తుగా కట్టడం కూడా ఇదే ఉపాయం, వత్తి పొడవు పెరిగేకొద్దీ నీళ్లు అందవు. డ్రైన్ నోరు దగ్గర మంచు కట్టి మూసుకుపోతే మాత్రం అంత ఖర్చూ వృథా, కాబట్టి నోటి దగ్గర వాలు బాగా ఇవ్వండి.

చలిని ఆర్పలేకపోయినా కిందికి దిగకుండా కాస్త ఆపవచ్చు. నార్వే, స్వీడన్, కెనడాల్లో రోడ్డు పొరల మధ్య గట్టి ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ పలకలు పరుస్తారు, మనం థర్మాకోల్ అనేదానికి దగ్గరి చుట్టం. కానీ దీనికో పేచీ ఉంది. నేలలోని వెచ్చదనం పైకి రాదు కాబట్టి, ఆ ముక్క మీద మాత్రం పక్కవాటికంటే ముందే పలచటి మంచు పేరుకుంటుంది, బండి జారుతుంది. అందుకే పలకల మీద తగినంత కంకర మందం ఉంచాలి, చివర్లలో రోడ్డు హఠాత్తుగా మెట్టులా మారకుండా మెల్లగా కలపాలి.

ఏప్రిల్ బురద ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఎండ పైనుంచి వస్తుంది కాబట్టి మంచు ఎక్కువగా పైనుంచే కరుగుతుంది, కింద ఇంకా గడ్డగా ఉంటుంది, నీళ్లకి పోయే దారి లేదు. తొట్టెలో నానేసినట్టు మట్టి నానిపోతుంది. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయిలోని ఒట్టావా దగ్గర అమెరికా వాళ్లు లారీలు తిప్పి పెద్ద ప్రయోగం చేసినప్పుడు కూడా ఎక్కువ డ్యామేజీ వసంతంలోనే కనిపించింది. మిన్నెసోటాలో ఆ కొన్ని వారాలు లారీల బరువు తగ్గిస్తారు. కొత్తగా కట్టడానికి డబ్బు లేని పాత రోడ్డుకి ఇదే అన్నిటికంటే చవకైన మందు, దీన్ని చిన్నచూపు చూడకండి.

ఇక ఇంటి పని. ఏదైనా మట్టి ఎండబెట్టి, ఉండలు చిదిపి, 100 గ్రాములు తూయండి. పొడవాటి గాజు సీసాలో వేసి, చెంచా బట్టల సోడా కలిపి, నీళ్లు నిండుగా పోసి ఒక రాత్రి నాననివ్వండి. పొద్దున నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద పెన్నుతో గీత పెట్టి, మూత బిగించి ఒక నిమిషం బాగా కుదిపి, నాలుగున్నర నిమిషాలు కదపకుండా ఉంచండి. ఈలోపు 0.02 మిల్లీమీటర్ల రేణువు ఆ గీత దాటి దిగిపోతుంది, పైన తేలే మడ్డి అంతా దానికంటే సన్నం. గీత దాకా ఉన్న నీళ్లని సన్న పైపుతో లాగేయండి. మళ్లీ అంతే ఎత్తుకి నీళ్లు పోసి, కుదిపి, అంతసేపే ఆగి, తేట నీళ్లు వచ్చేదాకా చేయండి, ఎనిమిది పదిసార్లు పట్టొచ్చు. అడుగున మిగిలింది ఎండబెట్టి తూస్తే తగ్గిన గ్రాములే మీ శాతం. ఒకసారి చెరువు ఒండ్రుతో, ఒకసారి ఇంటి ముందు పడేసిన ఎం-శాండ్‌తో (రాయిని పొడిచేసి తయారుచేసే ఇసుక) చేసి రెండు అంకెలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో తారు పగుళ్లు, వీజీ-10 బిటుమెన్ (ఒక రకం రోడ్డు తారు) గురించి మొదలుపెట్టే ముందు వాటితో పనుంది.